గ్రేస్ చెయ్యని గాయం

నన్ను మంచివాడని నమ్మిన ఒక మనిషి ఈ ఊళ్లో ఉంది. ఆ నమ్మకాన్ని ఏళ్ల తరబడి మోశాను. తిట్టే మనిషినైతే తప్పించుకు తిరగవచ్చు. దండం పెట్టే మనిషి ఎదురైతే ఎటు పోవాలి? ఆమె పనిచేసే మెడికల్ షాపు కనిపించగానే బండిని పక్క సందులోకి తిప్పేవాణ్ణి. అలసిపోయాను. మీరు నన్ను ఎరగరు. అందుకే మీకు చెప్పడం కొంత తేలిక.

ఇదేం పెద్ద నేరం అని మీరు అనవచ్చు. ఒక పిల్లికి గాయమైంది, మానింది. నాకు నేనే ఎన్నోసార్లు ఇలాగే చెప్పుకున్నాను. చెప్పుకున్న ప్రతిసారీ, మరి ఎవరితోనూ ఎందుకు అనలేకపోతున్నాను అన్న ప్రశ్న వెంటనే వచ్చేది.

అప్పుడు నేను ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో, బ్లాస్టింగ్ సెక్షన్‌లో పనిచేసేవాణ్ణి. మా క్వార్టరు రామగిరి వైపు కాలనీలో. బదిలీ మీద వెళ్లిపోతున్న ఒక ఆఫీసరు కుటుంబం తమ పర్షియన్ పిల్లిని నా భార్య రాజేశ్వరి చేతుల్లో పెట్టి పోయింది. తెల్లటి పిల్లి, ఒళ్లంతా పొడుగాటి బొచ్చు. రాజేశ్వరి దానికి పత్తి అని పేరు పెట్టింది. ఆ బొగ్గు దుమ్ములో సాయంత్రానికల్లా దాని కాళ్లు నా డ్యూటీ బూట్ల రంగుకు వచ్చేవి. రోజూ దువ్వకపోతే బొచ్చు ఉండలు కడుతుంది. రాజేశ్వరికి మణికట్టు నొప్పి. దువ్వే పని నాకు అప్పజెప్పింది.

నేను దువ్వలేదు. కొన్నాళ్లు దువ్వాను, తరవాత మానేశాను. డ్యూటీ నుంచి వచ్చి, అన్నం తిని, పడుకునేవాణ్ణి. "దువ్వినవా?" అని అడిగితే "దువ్విన" అనేవాణ్ణి. పైపైన చేత్తో నిమిరితే చాలు, పత్తి నిగనిగలాడేది. కాళ్ల సందుల్లో ఏం జరుగుతోందో ఎవరు చూస్తారు?

ఎండలు ముదిరాక బొచ్చంతా తీయించాలని రాజేశ్వరి పట్టుబట్టింది. గోదావరిఖనిలో గ్రేస్ అనే అమ్మాయి కుక్కలకూ పిల్లులకూ గ్రూమింగ్ చేసే షాపు పెట్టింది. వాళ్ల నాన్న నాకు తెలిసిన క్లర్కే. టీచరు ట్రైనింగ్ చేయమంటే వినకుండా హైదరాబాదు పోయి ఈ పని నేర్చుకొచ్చిందని ఆయన కొంత కోపంగా, కొంత గర్వంగా చెప్పేవాడు.

గ్రేస్ ఫోనులో రాజేశ్వరికి జాగ్రత్తలు చెప్పింది. పొద్దటి నుంచి ఏమీ తినిపించొద్దు. గోళ్లు తీయాలి. స్నానం చేయించొద్దు, తడిస్తే ఉండలు ఇంకా బిగుస్తాయి. బుట్టలో పాత తువ్వాలు పరిచి ముందురోజే కూర్చోబెట్టి అలవాటు చేయాలి. ఉండలుంటే వాటి జోలికి పోవద్దు. కత్తెర అసలే పెట్టొద్దు. పిల్లి చర్మం పలచన, ఉండను లాగితే దానితో పాటు పైకి లేస్తుంది, ఏది బొచ్చో ఏది చర్మమో తెలియదు. ఇదంతా రాజేశ్వరి నాతో తిరిగి చెప్పించుకుని మరీ నస్పూర్‌లో వాళ్ల చెల్లెలి ఇంటికి బయలుదేరింది.

నేను ఆ రోజు సెలవు పెట్టాను. పత్తిని ఒళ్లో కూర్చోబెట్టుకుని గోళ్లు తీశాను. చంక కింద చెయ్యి పెడితే తగిలింది, చెప్పు అట్టలాంటి ఉండ. అది ఒకటి రెండు రోజుల్లో కట్టేది కాదు. గ్రేస్ చూడగానే కనిపెడుతుంది, రాజేశ్వరికి చెబుతుంది, నేను ఇన్నాళ్లూ అబద్ధమాడానని తేలిపోతుంది. అంతకు మించి భయం లేదు నాకు. భార్య చేత ఒక పూట మాట పడవలసి వస్తుందన్న భయం.

కత్తెర తీశాను.

మధ్యాహ్నం, బ్లాస్టింగ్ వేళ. సైరన్ మోగే ఉంటుంది. నాకు వినపడలేదు. ఆ పనిలో ముదిరినవాళ్ల చెవుల్లో ఆ మోత నిలవదు. గోడలు అదిరినా మేం చాయ్ గ్లాసు కింద పెట్టకుండా మాట్లాడుతూనే ఉంటాం. పేల్చే ముందు చుట్టుపక్కల మనుషులనూ గొడ్లనూ దూరం పంపడం నా ఉద్యోగం, రోజూ చేసే పని, నిద్రలో అడిగినా చెప్పగలను. ఒళ్లో ఉన్న పిల్లి మాత్రం నాకు గుర్తు రాలేదు. కిటికీ అద్దాలు గలగలలాడాయి. పత్తి ఎగిరింది. కత్తెర మూసుకుంది.

రక్తం ఎక్కువ రాలేదు. చర్మం విచ్చుకుని లోపలి గులాబి రంగు కనిపించింది. పత్తి అరవలేదు కూడా. నేను దూదితో తుడిచాను. తరవాత దువ్వెన తీసుకుని చుట్టూ ఉన్న బొచ్చును గాయం మీదికి దువ్వాను. అన్ని వారాల తరవాత ఆ రోజు శ్రద్ధగా దువ్వాను.

దారి పొడుగునా, బండి మీద బుట్ట ముందు పెట్టుకుని, చెప్పవలసిన మాటను కూర్చుకుంటూనే పోయాను. షాపులో గ్రేస్ నవ్వుతూ బుట్ట అందుకుంది.

"ఏం తినిపియ్యలే గదా కాక?"

"పొద్దటి సంది ఏం పెట్టలే బిడ్డ."

"కత్తెర గిట్ల పెట్టలేదు గదా? మగోళ్లు దువ్వుమంటే కత్తెర పట్కొస్తరు, అందుకే అడుగుతున్న."

"నేనెందుకు పెడ్త? నువ్వు వద్దన్నవు గదా."

ఎందుకలా అన్నాను? గనిలో ఏదైనా జరిగితే ముందు ఎంక్వయిరీ వస్తుంది. ఎవరి తప్పు అని అడుగుతారు. నాది కాదు, నేను చూడలేదు, నేను అక్కడ లేను, ఈ మాటలు మా నాలుక మీద తయారుగా ఉంటాయి. కాని ఎదురుగా ఉన్నది ఆఫీసరు కాదు, పిల్లి తల నిమురుతున్న ఆడపిల్ల. ఆ అలవాటు మీదికి తోసెయ్యడం కూడా తప్పించుకోవడమే అని ఇప్పుడు అనిపిస్తోంది.

బొచ్చు తీసే మిషన్ చప్పుడు కాసేపు నడిచి, ఆగింది.

"కాక," అంది. "తెగింది. చంకల తెగింది. నా మిషనే తాకినట్టుంది. నేను చూస్కోలే కాక."

ఇప్పుడు చెప్పాలి. ఇప్పుడైనా. నేను లేచి దగ్గరికి పోయాను. ఏమన్నానో వినండి.

"పోనీ బిడ్డ. ఫికర్ చెయ్యకు. ఎవల చేతులనైన అయితది."

"రాజేశ్వరి చిన్నమ్మకు నేనేం చెప్పాలె?"

"నేను చెప్త. నువ్వు గమ్మునుండు."

నేను చేసిన తప్పుకు ఆమెను క్షమించాను. అబద్ధాలు లోకంలో అందరూ ఆడతారు. ఈ పని ఎవరు చేస్తారు? పశువుల దవాఖానలో కుట్లు వేస్తున్నంతసేపూ గ్రేస్ పత్తి తల పట్టుకుని ఏడ్చింది. నేను ఆమె భుజం తట్టాను.

ఆమె గమ్మునుండలేదు. తనే ఫోను చేసి రాజేశ్వరికి ఒప్పుకుంది. అంతటితోనూ ఆగలేదు. తరవాత షాపుకు వచ్చిన వాళ్లకల్లా, ఒకసారి నా చేతుల ఒక పిల్లికి తెగింది అని ముందే చెప్పేది. అలా చెప్పేచోట ఎవరు తమ పిల్లిని వదిలిపోతారు? కొన్నాళ్లకు తనే పిల్లులను తీసుకోవడం మానేసింది. తరవాత కుక్కలను. ఒక వానాకాలం షట్టరు దించేసింది. అప్పటి నుంచీ మెడికల్ షాపులో బిల్లులు కొడుతోంది.

క్రిస్మస్‌కు మాత్రం కేకు డబ్బా తెచ్చేది. "మా కాక ఒక్క మాటనలే" అని తోడు వచ్చిన వాళ్లకు నన్ను చూపించేది. నేను ఆ కేకు తిన్నాను. బాగుందని కూడా అన్నాను.

పత్తి ముసలిదై చనిపోయింది. నేను రిటైరై గోదావరిఖనికి వచ్చేశాను. ఇక ఇది నాతోనే పోతుందనుకున్నాను. మొన్న రాజేశ్వరి ఒక మాట చెప్పింది. మంచిర్యాలలో ఎవరో పెద్ద షాపు తెరుస్తూ గ్రేస్‌ను పనికి పిలిచారట. నా చెయ్యి మంచిది కాదు అని ఆమె రానన్నదట.

ముందు రాజేశ్వరికి చెప్పాను.

"నాకెందుకు చెప్తున్నవ్? పోయి ఆ పిల్లకు చెప్పు," అంది.

నిన్న మధ్యాహ్నం పోయాను. షాపులో ఎవరూ లేరు. గ్రేస్ కుర్చీ వేయబోయింది. వద్దని నిలబడే చెప్పాను. ఉండ సంగతి, కత్తెర సంగతి, బొచ్చు కప్పి తెచ్చిన సంగతి. ఆమె బిల్లు మిషన్ మీది చేతులు తీసి ఒళ్లో పెట్టుకుంది.

"నేనడిగిన గదా కాక," అంది.

"అడిగినవ్. అబద్ధం చెప్పిన."

"అంటే నా మిషన్ తాకనే లేదా?"

"తాకలే బిడ్డ. నువ్వు మంచిగనే చేసినవ్."

ఆమె కుడి అరచేతిని ఒకసారి తిప్పి చూసుకుంది. ఇంతలో ఎవరో దగ్గు మందు కోసం వచ్చారు. వాళ్లకు ఇచ్చి, చిల్లర లెక్కపెట్టి, మళ్లీ నా వైపు చూసింది.

"ఇగ పొండి కాక," అంది.

కోపమో కాదో తెలియలేదు. క్షమించమని నేను అడగలేదు. అడిగితే ఆమె మళ్లీ నాకు ఏదో ఒకటి ఇవ్వవలసి వచ్చేది. మంచిర్యాల పోతుందో లేదో అడిగే హక్కు కూడా నాకు లేదు. ఎండలో బండి దగ్గర చాలాసేపు నిలబడ్డాను. చెప్పాను, అంతే.