మూత మీది పసుపు గీతలు

ఈ మాట అమ్మకు కూడా చెప్పలేదు. చనిపోయిన మా నాన్న మీద నాకు కోపం. బెంగ ఉందని అందరికీ తెలుసు. కోపం ఉందని నా డైరీకి మాత్రమే తెలుసు.

దయ్యాలనీ ఆత్మలనీ నేనెప్పుడూ నమ్మలేదు. ఈ ఇనుపగనుల ఊరు కిరండూల్‌లో, మా వీధిలో ఒక్కో ఇంటికీ ఒక్కో దయ్యం ఉంది. పక్కింటివాళ్ళు ఆ కబుర్లు చెప్పుకుంటూ ఉంటే నేను గోడవైపు తిరిగి పుస్తకం చదువుకునేదాన్ని. ఇప్పుడు రాస్తున్నది కూడా అలాంటి కబురే అనిపిస్తే నేను చేయగలిగింది లేదు. జరిగింది జరిగినట్టే రాస్తున్నాను.

నాన్న రైల్వేలో ఫిట్టరు. మా ఊరు విజయనగరం వైపు. కానీ ఆయన ఉద్యోగమంతా ఇక్కడి ఎర్రదుమ్ములోనే, ఇనుపరాయి మోసే వ్యాగన్ల కింద గడిచింది. బోల్టు బిగించాక దాని తల మీంచి పక్కనున్న ఇనుము మీదికి పసుపు పెయింటుతో ఒక గీత గీయడం వాళ్ళ పద్ధతి. బోల్టు ఏమాత్రం తిరిగినా గీత విరిగి కనిపిస్తుంది. ఆ అలవాటు నాన్న ఇంటికి కూడా తెచ్చారు. ఫ్యానుకి గీత, కుట్టుమిషనుకి గీత, నా సైకిలుకి గీత. "గీత గీసేనంటే నా పూచీ" అనేవారు.

ఆయన కొన్న పాత కారుకి కూడా అంతే. టైమింగ్ బెల్టు స్వయంగా మార్చుకుని, దాని మూత బోల్టులన్నిటి మీదా గీతలు గీశారు. ఇంజిన్‌లో పైచక్రాన్నీ కిందిచక్రాన్నీ కలిపి తిప్పే పళ్ళ బెల్టు అది. ఒక్క పన్ను జరిగినా రెండిటికీ పొంతన పోతుంది. ఆ కారులోనే నాకు డ్రైవింగ్ నేర్పారు. "ఇది నీదే పాపా" అని అన్నయ్య ఎదుటే అన్నారు.

నాన్న పోయాక, గీదం దాటి లోపలికి ఉన్న ఒక ఊళ్ళో చిన్న బడిలో నాకు ఉద్యోగం దొరికింది. బస్సు గీదం వరకే. కారు ఉంటేనే ఆ ఉద్యోగం. నలుగురిలో నోరు విప్పలేని నాకు, పిల్లల ముందు నిలబడితే మాట వస్తుందని అక్కడే తెలిసింది.

అన్నయ్య విశాఖలో కార్ల మెకానిక్కు. కారు అమ్మేసి సొంత షెడ్డు పెట్టుకోవాలని వాడి కోరిక. అమ్మ ఒప్పుకోలేదు. నాన్న సంవత్సరీకానికి వచ్చినప్పుడు వాడు ఆ ఊసే ఎత్తలేదు. పైగా ఒక పూటంతా పెరట్లో ఉండి కారు ఇంజిన్‌తో సహా శుభ్రంగా కడిగాడు. నాన్న బండి మీద ఎంత ప్రేమో అనుకుని టీ కూడా అక్కడికే తీసుకెళ్ళి ఇచ్చాను.

వాడు వెళ్ళిన మర్నాడే, బడికి వెళ్తుంటే ఇంజిన్ లైటు వెలిగింది. భాన్సీ దాటాక బండి ఎత్తు ఎక్కలేక ఆగి ఆగి నడిచింది. ఎలాగో వెనక్కి తిప్పి, బచేలీలో షెడ్డు ఉన్న రామం బాబాయి దగ్గరికి తీసుకెళ్ళాను. నాన్నకి పాత స్నేహితుడు, శ్రీకాకుళం మనిషి. సంవత్సరీకానికి కూడా వచ్చాడు.

ఇంజిన్‌లో లోపం ఎక్కడుందో కోడుగా చూపించే స్కానర్ పెట్టి చూశాడు బాబాయి. "టైమింగ్ కోడు పాపా. పైచక్రం ఒకటి సెప్తంది, కిందిది ఇంకోటి సెప్తంది. నేనూ మీ పిన్నీ ఉన్నట్టే ఉంది" అని నవ్వాడు. కోడు చెరిపేసి స్టార్ట్ చేస్తే మళ్ళీ అదే వచ్చింది.

బెల్టు మూత మీద టార్చి వేశాడు. బోల్టులన్నిటి మీదా పసుపు గీతలు. ఒక్కటీ విరగలేదు. "ఎవులూ ఇప్పలేదు. మీ నాన్న గీతలు సూడు, ఎలా ఉన్నవి అలాగే ఉన్నాయి."

నాకు తెలిసిన గీతలు వేడికి మాడి గోధుమరంగుకి తిరిగాయి. ఇవి అప్పుడే నూరిన పసుపులా ఉన్నాయి. ఆ మాటే మెల్లగా అన్నాను. "మొన్న మీ అన్నయ్య కడిగేడు గదా, అందుకే మెరుస్తన్నాయి" అన్నాడు. వేలితో తాకితే కొంచెం రంగు అంటుకుంది. చూపిద్దామని వేలు ఎత్తేలోపే ఆయన స్పానర్ పెట్టి తిప్పేశాడు. గీతలు విరిగిపోయాయి.

లోపల బెల్టు గట్టిగా ఉంది. దాన్ని బిగించి పట్టే కప్పీ కూడా బాగుంది. బెల్టు ఒక పన్ను జరిగి ఉంది, అంతే. బాబాయి ముఖంలో నవ్వు పోయింది. "ఇది దానంతటది జరగదు. సెయ్యి పెట్టి జరపాల. మూతేమో ఎవులూ ముట్టలేదు."

సరిచేసి బిగించాడు. కోడు పోయింది. కానీ కారణం దొరకలేదు కాబట్టి తన గారంటీ లేదని అమ్మకి చెప్పాడు. అడవి దారిలో మళ్ళీ జరిగితే ఇంజిన్ అక్కడికక్కడే పగిలిపోవచ్చన్నాడు. అమ్మ ఆ రాత్రి అన్నం తినలేదు. తెల్లారి తనే అన్నయ్యకి ఫోన్ చేసి, కారు తీసుకుపొమ్మంది.

గీతలు ముందే విరిగి ఉన్నా, అసలు లేకపోయినా, ఎవరో విప్పి తప్పుగా బిగించారని బాబాయి చెప్పేవాడు. భయపడాల్సింది ఏమీ ఉండేది కాదు. నేను ఈ రోజుకీ బడికి వెళ్తూ ఉండేదాన్ని.

అన్నయ్య వచ్చాడు. తాళాలు నేనే ఇచ్చాను. బయలుదేరే ముందు బానెట్ ఎత్తి, మూత దగ్గర వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. బోల్టుల మీద సగం, మూత మీద సగం మిగిలిన పసుపు మీద వేళ్ళు పెట్టి చూశాడు. నువ్వు గీశావా అన్నట్టు నావైపు చూశాడు. లేదని తల ఊపాను. అప్పుడు ఒక్క మాట అని, బానెట్ దించి, నా ముఖం చూడకుండా వెళ్ళిపోయాడు. తర్వాత ఫోన్ చేసినా అమ్మతోనే మాట్లాడతాడు.

ఆ మాటతో బెల్టు ఎవరు జరిపారో తెలిసింది. గీతలు ఎవరు గీశారో ఈ రోజుకీ తెలియదు. నాన్న పెయింటు డబ్బాని పనిముట్ల సంచితో పాటు ఆయన తోటివాళ్ళకి ఎప్పుడో ఇచ్చేశాం. అమ్మకి బానెట్ ఎత్తడం రాదు. నేను గీయలేదు. బాబాయి టార్చి వేసేసరికే అవి ఉన్నాయి. నాన్నే అయితే, ఎవరి పనికి పూచీ పడ్డారు? కొడుకు చేసింది నాకు తెలియకూడదనుకున్నారా? "ఇది నీదే పాపా" అన్న మనిషేనా?

ఆ రోజు అన్నయ్య అన్నది ఇది:

"ఇదేటి... ఈ గీతలన్నీ నేను పెట్రోలు పెట్టి తుడిసేసేను గదే!"