గోలీ ప్యాడ్లకి కొబ్బరినూనె

వేర్‌హౌస్ షిఫ్ట్ దిగి, ఈ రోజు ప్రాక్టీసులో మొదటిసారి ఐస్ హాకీ గోలీగా, అంటే గోల్ కాపలాకి, నిలబడ్డాను. నాకు కాళ్ల ప్యాడ్లు లేవని మా టీమ్ గోలీ, పెద్దాయన డీటర్, తన కుర్రతనం నాటి తోలు ప్యాడ్లు ఇచ్చారు. బిరుసుగా ఉన్నాయని పొద్దున కొబ్బరినూనె దట్టంగా పట్టించాను. ఐస్‌హాలె, అదే మేం ఆడే మంచు మైదానం, చలికి నూనె గడ్డకట్టి, అవి తెల్లటి చెక్కలయ్యాయి. మోకాలు వంగదు. అందరూ నవ్వుతుంటే ఒళ్లు మండి, విప్పి వెళ్లిపోబోయాను.

"కూర్చోరా. నీ వయసులో నేను వీటికి బాతు కొవ్వు రాసి ఊరంతా కంపు కొట్టించాను," అంటూ డీటర్ తన ఫోమ్ ప్యాడ్లు విప్పి నాకు కట్టారు. "మా కాలం ప్యాడ్లలో జింక వెంట్రుకలు కుక్కేవాళ్లు. నీళ్లు తాగి ఆట చివరికి బండరాళ్లయ్యేవి. నువ్వు ఇవి వేసుకుని ఆడు."

దూదిలా ఉన్నాయి. అయినా గోల్స్ బోలెడు వదిలేశాను. ఆయన ఒక్కదానికీ తిట్టలేదు. ఈ పరాయి దేశంలో నాకోసం ఆట మానుకుని కూర్చున్న మొదటి మనిషి ఆయనే.

తోలుకి పట్టిన కొబ్బరినూనె ఎలా వదులుతుందో తెలిసినవాళ్లు చెప్పండి. నవ్వేవాళ్లు రేపు నవ్వండి.