కుడి భుజం మీద రెండే చుక్కలు

త్రినాథరావు పాతికేళ్ళుగా పోలీసు ఇన్‌స్పెక్టరు. సినిమాల్లోనే అనుకోండి. రౌడీలందర్నీ హీరో చితకబాది చెమట తుడుచుకునే వేళకు జీపు దిగి, "వీణ్ణి తీసుకెళ్ళండి" అంటాడు. అంతకుమించి ఆయన చేత మాట్లాడించాలని ఏ దర్శకుడికీ తోచలేదు. ఆ ఒక్క ముక్కే అని అని, ఆయనకు చట్టం మీద సొంత మనిషి మీద ఉన్నంత అభిమానం ఏర్పడింది. రోడ్డంతా ఖాళీగా ఉన్నా ఎర్రలైటు దగ్గర ఆగుతాడు. వెనకవాళ్ళు హారన్లు కొడుతుంటే అద్దంలో చూసి వాళ్ళ మీద జాలిపడతాడు.

ఇండస్ట్రీ మద్రాసు నుంచి హైదరాబాదుకు సామాను సర్దుకుంటున్న రోజులవి. కళామతల్లి సొంత గడ్డకు రమ్మని పిలిచిందని శాలువాలు కప్పించుకుని చెప్పినవాళ్ళు చాలామందే ఉన్నారు. త్రినాథరావును మాత్రం పిలిచింది ఓ ప్రొడక్షన్ మేనేజరు. "వచ్చే నెల ఐదో తారీఖు పొద్దున్నే ఫిల్మ్‌నగర్‌లో షూటింగ్. సొంత డ్రెస్సుతో రావాలి. డ్రెస్సు లేదంటే చెప్పండి, ఇంకొకర్ని చూసుకుంటాం" అన్నాడు ఫోన్లో. నెలల తరబడి వేషం లేని మనిషి. ఇది పోతే హైదరాబాదులో ఆయన ముఖం ఎవరికీ తెలియదు.

షేక్‌పేటలో ఇల్లు కుదిరింది. సామాను లారీలో వెళ్ళింది. మిగిలింది తుపాకి.

మామగారు వీరరాఘవయ్య చెరకు తోటలో అడవిపందుల్ని బెదరగొట్టడానికి కొన్న డబుల్ బ్యారెల్ అది. ఆయన పోయాక లైసెన్సు అల్లుడి పేరు మీదికి మారింది. అల్లుడు దాన్ని దసరాకి నూనెగుడ్డతో తుడిచి బొట్టు పెట్టడం తప్ప ఎన్నడూ పేల్చి ఎరగడు.

"అమ్మేయండి, పీడా పోతుంది" అంది భార్య సత్యలక్ష్మి.

"మీ నాన్నగారి గుర్తు, సత్యా."

"మా నాన్న గుర్తుకి నేనున్నానుగా. నాకెప్పుడన్నా నూనె రాశారా?"

తమిళనాడు లైసెన్సు ఆంధ్రాలో చెల్లదు. దాన్ని అక్కడా చెల్లేలా చేయించుకోవడానికి త్రినాథరావు మద్రాసులో ఆఫీసుల చుట్టూ ఎంత ఓపికగా తిరిగాడంటే, చివరికి గుమాస్తాలే ఆయనకు టీ పోశారు. బయల్దేరే రోజు తూటాలు తీసి విడిగా పెట్టెలో వేసి తాళం వేశాడు. తుపాకిని విడదీసి గుడ్డసంచిలో చుట్టి డిక్కీలో పెట్టాడు. కాగితాలు చొక్కా జేబులో, గుండె మీద. ఇస్త్రీ నలగకుండా యూనిఫారాన్ని మాత్రం ఫియట్ వెనక సీటు కిటికీకి హ్యాంగర్‌తో తగిలించాడు. దాని గురించి ఏ ఆఫీసులోనూ అడగాలని ఆయనకు తట్టలేదు.

తడ దగ్గర రాష్ట్రం సరిహద్దు. కారు ఆపి, గొంతు సవరించుకుని, జేబులో చెయ్యి పెట్టాడు. "పట్టుచీరలేమన్నా ఉన్నాయా?" అని అడిగాడు సేల్స్‌టాక్స్ చెక్‌పోస్టు మనిషి.

"లేవు. కానీ తుపాకి..."

"చీరల్లేకపోతే పోనివ్వండి సార్, వెనక లారీలున్నాయి."

నెల్లూరు దాకా త్రినాథరావు జేబులో కాగితాలు తడుముకుంటూనే ఉన్నాడు. "అడిగి ఉంటే ఎంత చక్కగా చెప్పేవాణ్ణో" అన్నాడు చివరికి.

"నాకు చెప్పండి, వింటాను" అంది సత్యలక్ష్మి. ఒంగోలు దాకా చెప్పాడు.

బెజవాడలో బంధువుల ఇంట్లో రాత్రి పడుకుని, మర్నాడు మధ్యాహ్నానికి జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ చేరారు. పేరుకే చెక్‌పోస్ట్, మామూలు రోజుల్లో అక్కడ చెక్ చేసేదేమీ ఉండదు. పోలీసు డ్రెస్సులో వచ్చి ఇళ్ళు దోచుకుంటున్నారని కబుర్లు రావడంతో ఆ వారం కార్లు ఆపుతున్నారు. ఓదెలు అనే కానిస్టేబుల్ చెయ్యెత్తి కారు ఆపాడు. కిటికీలో ఖాకీ చొక్కా, దాని మీద చుక్కలు కనిపించాయి. టక్కున మడమలు కలిపి సెల్యూట్ కొట్టాడు.

పాతికేళ్ళ అలవాటు. త్రినాథరావు గడ్డం కొంచెం ఎత్తి, రెండు వేళ్ళు నుదుటికి ఆనించి, "ఊఁ" అన్నాడు.

"ఏ స్టేషన్ సార్?" అన్నాడు ఓదెలు వినయంగా.

ఆ ప్రశ్నకు డైలాగు ఎవరూ రాసివ్వలేదు. ఓదెలు మొహం మారిపోయింది. ఎస్సై మల్లికార్జున్ వచ్చాడు. డిక్కీ తెరిపించాడు. తుపాకి బయటపడింది.

త్రినాథరావు కాగితాలన్నీ బానెట్ మీద పరిచాడు. మల్లికార్జున్ ఒక్కొక్కటే తీరిగ్గా చదివాడు. "తుపాకి మంచిగున్నది. గింత పద్ధతిగ తెచ్చినోణ్ణి నేనైతే చూడలే. తీస్కపోర్రి. గీ డ్రెస్సు ఎవలది?"

"నాదే. నేను నటుణ్ణి."

"సెల్యూట్ గూడ నటనేనా?"

"అది... అలవాటులో..."

"మా ఓదెలు నిజంగనే కొట్టిండు గద. నేనెన్నో సినిమాలు చూస్త. మిమ్మల్నెన్నడు చూడలే."

"ఆఖర్లో వస్తానండీ."

"ఆఖర్ల నేను స్కూటర్ తియ్యనీకి లేస్త. డ్రెస్సు గీడనే ఉంటది. విచారణ చేసి వారం పది రోజుల్ల ఇస్తం."

తుపాకి ఇచ్చేసి చొక్కా ఉంచుకోవడం! త్రినాథరావు నీరుగారిపోయాడు. "తుపాకి కావాలంటే ఉంచుకోండి సార్. రేపు పొద్దున షూటింగ్. ఆ చొక్కా లేకపోతే నాకు వేషం లేదు" అన్నాడు.

"గదే డౌటు నాకు. తుపాకి ఇడిచి చొక్కా అడుగుతున్నరేంది?"

సత్యలక్ష్మి అప్పటిదాకా కారులోనే కూర్చుంది. దిగి, హ్యాంగర్ అందుకుని, చొక్కాని ఎస్సై ముందు ఇటూ అటూ తిప్పింది. "చూడండి బాబూ. ఎడం భుజం మీద మూడు చుక్కలు. కుడి భుజం మీద రెండే. ఒకటి ఎప్పుడో ఊడిపోయింది. ఈయన్ని ఫ్రేములో ఓ చివర నిలబెడతారు, కెమెరాకి ఎడం భుజమే కనిపిస్తుంది. రెండో పక్క ఎవరు చూస్తారని నేనూ కుట్టలేదు. వీపు మీద కూడా చూడండి, చిరుగుకి పిన్నీసు."

"సత్యా!" అన్నాడు త్రినాథరావు. చుట్టాలందరికీ అది అచ్చమైన పోలీసు యూనిఫారమని చెప్పుకున్న మనిషి.

మల్లికార్జున్ తన భుజం మీది రెండు చుక్కలకేసి చూసుకున్నాడు. "ఓదెలూ, చూసినవా? గీ దిక్కుకెళ్ళి చూస్తే మా సీఐ సారు. గా దిక్కుకెళ్ళి చూస్తే నేను." పడీపడీ నవ్వాడు. సెల్యూట్ వృథా చేసుకున్న ఓదెలు మాత్రం నవ్వలేదు.

"తీస్కపోర్రి సార్. గిసుంటి డ్రెస్సుతోని దొంగలు గూడ ఇల్లు దాటరు. డ్రెస్సు డిక్కీల పెట్టుర్రి. స్టేషన్ల తుపాకి సంగతి చెప్పి పోర్రి. ఇంకో ముచ్చట. ఆ మూడో చుక్క మాత్రం కుట్టకుర్రి. కుట్టిన్రో, లోపలేస్త."

మర్నాడు ఫిల్మ్‌నగర్ బంగళాలో మెట్లు అటువైపు ఉండటం వల్ల కెమెరా ఇటు మారింది. మొట్టమొదటిసారి త్రినాథరావు కుడి భుజం కెమెరా వైపు పడింది. కాస్ట్యూమర్ చుక్క పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. త్రినాథరావు చేత్తో అడ్డుకున్నాడు.

"వద్దు. చట్టం ఒప్పుకోదు."

"ఆయన మొహమే ఎవరూ చూడరు, భుజం ఎవడు చూస్తాడు? కానీయండి" అన్నాడు దర్శకుడు.

నిజమే, ఎవరూ చూడలేదు. సినిమా ఆడిన హాళ్ళన్నిట్లోనూ ఆఖరి రీలుకి జనం చెప్పులు వెతుక్కుంటున్నారు. ఒక్క హాల్లో మాత్రం స్కూటర్ తియ్యడానికి లేవకుండా కూర్చున్న ఒకాయన పెళ్ళాం పిల్లల్ని రెక్కలు పట్టుకుని కూచోబెట్టి, తెరకేసి వేలు చూపిస్తూ అరిచాడట: "ఆగుర్రి! గదిగో, వచ్చిండు! లెక్కపెట్టుర్రి, రెండే!"