ఒక వేలు తక్కువ

పాడర్‌బోర్న్‌లో మా వంటింటి తలుపు పక్క గోడ మీద పెన్సిలు గీతలు ఉన్నాయి. మా అమ్మాయికి ఆరేళ్లు వచ్చినప్పటి నుంచి పద్దెనిమిది నిండేదాకా ప్రతి పుట్టినరోజు ఉదయం నేనే గీశాను. చెప్పులు విప్పించి, మడమలు గోడకు ఆనించి, తల మీద అట్ట పుస్తకం పెట్టి గీసేవాణ్ణి. పుస్తకం అంచు దగ్గర కాదు, దానికి ఒక వేలు కిందగా. మా అమ్మ నన్నూ అలాగే కొలిచేది. పిల్లల ఎత్తు ఉన్నదున్నట్టు చెబితే దిష్టి తగులుతుందని ఆమె నమ్మకం. నాకు ఆ నమ్మకం ఉందో లేదో ఎప్పుడూ ఆలోచించలేదు. చెయ్యి దానంతటదే ఒక వేలు కిందికి దిగేది.

"నాన్నా, మోసం! నేను ఇంకా పైకున్న," అని అరిచేది పిల్ల.

"పెరుగుతవ్ తీయ్, తొందరేముంది?" అనేవాణ్ణి.

మాది హనుమకొండ. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మీద జర్మనీలోని ఈ ఊరు వచ్చి స్థిరపడ్డాను. చదువుకునే రోజుల్లో యూనివర్సిటీ జట్టుకు బాస్కెట్‌బాల్ ఆడేవాణ్ణి. రాష్ట్ర జట్టు ఎంపికలో నా పేరు రాలేదు. పొట్టివాణ్ణని తీసేశారని పాతికేళ్లపాటు అందరికీ చెప్పాను. పెళ్లిచూపుల్లో కూడా చెప్పాను. అసలు సంగతి వేరే. ఎంపికకు ముందు నెల రోజులు పొద్దుటి ప్రాక్టీసుకు పోకుండా ముసుగుతన్ని పడుకున్నాను. ఎంపిక రోజు రెండో రౌండుకే ఆయాసపడి నడుం మీద చేతులు పెట్టుకున్నాను. నాకంటే పొట్టివాళ్లిద్దరు ఆ జట్టులో ఉన్నారు.

ఇక్కడ మా ఊరి క్లబ్బుకు ఆడవాళ్ల ప్రొఫెషనల్ జట్టు ఒకటి ఉంది. శనివారాలు జీతం లేని పనికి అక్కడికి వెళ్లేవాణ్ణి. ఎండాకాలంలో యూనివర్సిటీ జట్లలో ఆడే అమ్మాయిలు కొందరు ఎంపిక పరీక్ష కోసం వస్తారు. వాళ్ల కొలతలు తీసి పట్టికలో ఎక్కించడం నా వంతు.

ఆ పని నాకు ఎంతో ఇష్టంగా ఉండేది. అమ్మాయిని గోడకు నిలబెట్టి బూట్లు లేకుండా ఎత్తు కొలుస్తాం. రెండు చేతులూ బారచాపమని ఈ కొస నుంచి ఆ కొసకు టేపు పడతాం. నిలబడి చెయ్యెత్తితే ఎంత అందుతుంది, గెంతితే ఎంత అందుతుంది చూస్తాం. కాలేజీలో ఎత్తు అనిపించుకున్న పిల్ల ప్రొఫెషనల్ ఆటగత్తెల పక్కన నిలబడితే ఒక్కసారిగా చిన్నదైపోతుంది. అలాగని ఎత్తు చూసి తేల్చేస్తే పొరపాటే. చేతులు పొడుగైతే కొంత ఎత్తు కలిసొస్తుంది. మొదటి గెంతు ఎవరిదైనా బాగుంటుంది, నేను చూసేది రెండో గెంతు. బంతి చేతికందక కిందికి దిగిన మనిషి మళ్లీ ఎంత త్వరగా లేస్తుంది? భుజం తగిలినప్పుడు పాదం ఎంత జరుగుతుంది? వీటికి టేపు లేదు. చూసి చెప్పే మనిషి కావాలి.

ఒక ఏడు ఆ వరసలో మా అమ్మాయి కూడా నిలబడింది. ఇదే ఊళ్లో కంప్యూటర్ సైన్స్ చివరి ఏడు చదువుతూ యూనివర్సిటీ జట్టుకు ఆడేది. ప్రొఫెషనల్ జట్టులో బంతిని నడిపించే స్థానం ఒక్కటే ఖాళీ ఉంది. దాని కోసం రెండేళ్లుగా తెల్లవారకముందే లేచి పరుగెత్తేది. నేనొకప్పుడు ముసుగుతన్నిన వేళకు ఆమె బూట్ల తాళ్లు కట్టుకునేది. ఆ చప్పుడుకు మెలకువ వచ్చి, కళ్లు మూసుకునే వినేవాణ్ణి.

నా కూతురు కాబట్టి ఆమె కొలతలకు ఇంకొకావిడ టేపు పట్టింది, నేను రాశాను. ఎత్తు నూట డెబ్బై నాలుగు సెంటీమీటర్లు. చేతులు చాస్తే నూట ఎనభై మూడు. కాగితం మీద మాత్రం ఒక్క వేలు కూడా తగ్గించలేదు.

కొలతల తర్వాత ఆడించిన ఆట పూర్తయ్యాక జట్టు కోచ్ కాఫీ మెషీను దగ్గర నన్ను ఆపింది. నాకంటే పెద్దావిడ, ఒకప్పుడు తానూ ఆడిన మనిషి. ఏది అడిగినా సూటిగా అడుగుతుంది.

"మీ అమ్మాయి విషయం ఎటూ తేల్చుకోలేకపోతున్నాను," అంది. "ఎత్తు మాకు కాస్త తక్కువ, చేతులు మాత్రం పొడుగు. మీరు చిన్నప్పటి నుంచి చూస్తున్నారు. ఒళ్లు గట్టిపడిన పెద్ద ఆటగత్తెల మధ్య నిలబడుతుందా?"

జవాబు నాకు తెలుసు. అరగంట కిందటే కళ్లారా చూశాను. బుట్ట కింద తనకంటే జానెడు ఎత్తున్న అమ్మాయి భుజంతో గట్టిగా తగిలితే మా పిల్ల అర అడుగు జరిగింది, బంతి మాత్రం వదల్లేదు. వేసిన బంతి తిరిగివస్తే, ఆ ఎత్తు అమ్మాయి మోకాళ్లు వంచేలోపే రెండోసారి గాల్లో ఉంది.

"ఏదో ఆడుతుంది," అన్నాను. "ఇంకా చాలా నేర్చుకోవాలి. ఆ పెద్దవాళ్ల ముందు మా పిల్ల ఒళ్లు చాలదేమో."

మావైపు ఇది మర్యాద. కన్నవాళ్లు నలుగురిలో బిడ్డను పొగడరు. మన తెలుగువాళ్లు భోజనాలకు వచ్చి, మీ అమ్మాయి బాగా చదువుతుందట కదా అంటే, ఏం చదువు, ఎప్పుడూ ఫోనే అంటాం. వెంటనే ఎదుటివాళ్లు, అయ్యో గట్లంటరేంది, బంగారమసొంటి పిల్ల అంటారు. మనం తగ్గిస్తే వాళ్లు పెంచుతారు. పొగడ్త అలా వాళ్ల నోటి నుంచి రావాలి. నేను కాఫీ కప్పు పట్టుకుని ఆ మాట కోసమే చూస్తున్నాను.

కోచ్ నావైపు ఒక క్షణం చూసి తలూపింది. "చాలా థాంక్స్. ఇంత నిజాయితీగా చెప్పే తండ్రులు తక్కువ," అని చేతిలోని కాగితం మీద ఏదో రాసుకుంది.

అప్పుడైనా నోరు తెరవాల్సింది. అది మా మర్యాద మాటండీ, నిజం కాదు అంటే సరిపోయేది. కాఫీ తాగేసి, కప్పు కడిగి బోర్లించి, ఇంటికి వచ్చేశాను.

వారం తర్వాత కోచ్ ఒక్కో అమ్మాయినీ పిలిచి ఎందుకు తీసుకుందో, ఎందుకు తీసుకోలేదో ఎదురుగా కూర్చుని చెప్పింది. ఇక్కడ అది పద్ధతి. మా అమ్మాయి ఇంటికి వచ్చి భుజం మీది సంచి దించకుండానే వంటింట్లో నా ఎదుట నిలబడింది.

"నా బాడీ చాలదని నువ్వే అన్నవా, నాన్నా?"

"అంటే... అట్ల కాదు బిడ్డా, మాటవరసకు..."

"ష్టిమ్ట్ దాస్, ఓడర్ నిష్ట్?"

కోపమొస్తే ఆమె జర్మన్‌లోకి మారిపోతుంది. నిజమా, కాదా? అంతే అడిగింది. నిజమేనన్నాను.

"ఎవరో అంటే నేను ఫైట్ చేసేదాన్ని. మీ నాన్నే అన్నడు అంటే ఏం చెప్పాలె నేను?" అని తన గదిలోకి వెళ్లిపోయింది.

పొయ్యి దగ్గర నా భార్య చేతిలోని గరిటె పక్కన పెట్టింది. "గట్లెట్ల అన్నరు మీరు?"

"ఆమె కాదంటదనుకున్న."

"ఆ కోచమ్మ మీ మేనత్తనా, అయ్యో గట్లనకు కొడుకా అననీకి? అడిగిందానికి జవాబు చెప్పుడు రాదా?"

మర్నాడు కోచ్ దగ్గరికి వెళ్లాను. నేను చెప్పింది నిజం కాదన్నాను. మరి ఎందుకు చెప్పారని అడిగింది. మా దగ్గర తండ్రి తన బిడ్డను పొగడడని, ఎదుటివాళ్లే పొగడాలని, నాకొచ్చిన జర్మన్‌లో చెప్పాను.

"నాకు తెలియకనే కదా మిమ్మల్ని అడిగాను," అంది. ఆ స్థానానికి ఇంకో అమ్మాయి అప్పటికే సంతకం చేసింది. వచ్చే ఏడు మళ్లీ పరీక్షకు రమ్మని మా అమ్మాయికి చెప్పమంది. చెప్పాను. "అక్కడికి పోను. అక్కడ నేను నీ బిడ్డను. నేను నేనుగ ఆడాలె," అంది మా అమ్మాయి.

మర్యాద మీద నెట్టేసి ఊరుకోవచ్చు. చాలాకాలం అలాగే ఊరుకున్నాను. కానీ నేను వాడిన మాటే నన్ను వదల్లేదు. నేర్చుకోవాలి అని ఆగిపోతే అది మర్యాదే. ఒళ్లు చాలదు అన్నాను. పాతికేళ్లు నా గురించి చెప్పుకున్న అబద్ధాన్నే తీసి నా బిడ్డ మీద కప్పాను. నేను ఆగిన గడప తను దాటిపోతుంటే నాలో ఎవడో ఓర్చలేకపోయాడు. వాడు నేనే. ఈ మాట నా భార్యకు కూడా చెప్పలేదు. ఇక్కడే మొదటిసారి రాస్తున్నాను.

ఆమె మాస్టర్స్ చదవడానికి లైప్‌జిగ్ వెళ్లిపోయింది. అక్కడ కింది లీగులో ఒక చిన్న జట్టుకు ఆడుతోంది. ఫోను చేస్తే అమ్మతో గంట మాట్లాడుతుంది, నాతో వాతావరణం మాట్లాడుతుంది. నేను క్లబ్బుకు పోవడం మానేశాను. ఇప్పటికీ తెల్లవారకముందే మెలకువ వస్తుంది. నడవాలో బూట్ల తాళ్ల చప్పుడు కోసం చెవులు రిక్కించి, లేదని గుర్తొచ్చి, పక్కకు తిరిగి పడుకుంటాను.

ఆమె ఆటలు కంప్యూటర్‌లో వస్తాయి. హాలు మూలన ఎవరో పెట్టిన ఒక్క కెమెరా. మొహాలు తెలియవు. చేతులను బట్టి పోల్చుకుంటాను. రెండో గెంతుకు అందరికంటే ముందు లేచే చేతులు మా పిల్లవి.

మొన్న చలికాలంలో ముందే చెప్పి, అనుమతి అడిగి మరీ ఆమె ఆట చూడటానికి వెళ్లాను. "వస్తే రా, నీ ఇష్టం," అంది. హాలె అనే ఊళ్లో రైలు మారి, కిటికీ పక్క కూర్చుని, దారంతా ఒక జర్మన్ వాక్యం వల్లె వేసుకున్నాను. అక్కడి కోచ్ పలకరిస్తే చెప్పడానికి. నా కూతురు గట్టిది, పెద్దవాళ్ల మధ్య నిలబడుతుంది, నేను కళ్లారా చూశాను.

ఎవరూ అడగలేదు. కోచ్ కుర్రవాడు నావైపు చూడనే లేదు, అతని హడావుడి అతనిది. బల్ల మీద నా పక్కన ఫ్లాస్కుతో ఒక ముసలాయన కూర్చున్నాడు. రెండో సగంలో మా పిల్ల బుట్ట కింద ఇద్దరి మధ్య నుంచి లేచి బంతి లాక్కుంటే ఇక ఉండలేక ఆయనవైపు తిరిగాను.

"ఆ అమ్మాయి నా కూతురు. చాలా బాగా ఆడుతుంది," అన్నాను.

ఆయన కాదనలేదు, పెంచనూ లేదు. "అవును," అన్నాడు ఆటవైపే చూస్తూ. "చూస్తున్నాను."

ఎంత తేలికైన మాట అది!

ఆట అయ్యాక చెమటతో, మెడలో తువ్వాలుతో వచ్చింది. "ట్రైన్ ఎన్నింటికి నాన్నా?"

"ఇంకా గంట ఉంది. మంచిగ ఆడినవ్ బిడ్డా."

ఆ మాట నా నోట ఆమెకు కొత్త. కళ్లు చిట్లించి చూసింది. "డైరెక్ట్‌గనే చెప్తున్నవ్? జరమేమన్న వచ్చిందా?"

నవ్వాను. నవ్వుతూనే, రైల్లో అనుకోని మాట ఒకటి అడిగాను. "ఈసారి ఇంటికొచ్చినప్పుడు గోడ దగ్గర ఒక్కసారి నిలబడ్తవా? ఉన్నదున్నట్టు గీస్త."

"ఇరవై మూడేళ్లకు ఇంకా పెరుగుతనా నేను?"

"పెరిగినవని కాదు."

ఆమె తువ్వాలు అంచుతో మొహం తుడుచుకుంది. జట్టువాళ్లు దూరం నుంచి పిలుస్తున్నారు. "చూద్దాం," అని రెండడుగులు వేసి, వెనక్కి తిరిగి, "హాలెలో చలి ఉంది, జాకెట్ వేస్కో," అని వెళ్లిపోయింది.

ఇంటికి వచ్చి పెన్సిలు చెక్కి ఫ్రిజ్ మీద పెట్టాను. అట్ట పుస్తకం పక్కనే ఉంది. ఎవరైనా సర్దబోతే, ఉండనీ అంటున్నాను.