పదకొండో ముంజ

నేను పాఠం చెప్పే గదిలో ఈమధ్య ఒక రబ్బరు మనిషి చేరాడు. ఆయన పొట్ట మీద స్కానింగ్ ప్రోబు పెడితే లోపలి అవయవాలన్నీ తెర మీద కనిపిస్తాయి. సూది పొడిచినా ‘అమ్మా’ అనడు. శిక్షణలో ఉన్న డాక్టర్లు వరసగా పదిసార్లు గురి తప్పకుండా పొడిస్తేగాని నేను వాళ్ళను రోగి దగ్గరికి పంపను. తొమ్మిది చాలదా మేడమ్ అని గొణుక్కుంటారు. నాదంతా చాదస్తమని వాళ్ళ అభిప్రాయం.

నేను నేర్చుకున్నది తొంభైల్లో, బందరులోని ఒక ఆసుపత్రిలో. లివర్‌లో చీముగడ్డ ఉన్నవాళ్ళకు, స్కానింగ్ తెర చూస్తూ సూది దించి చీము లాగాలి. నేర్పే పెద్ద డాక్టరుగారిది గుడివాడ. ఆయనకు కోపం రాదుగాని వెటకారం దండిగా ఉండేది. అప్పట్లో మాకు రబ్బరు మనిషి లేడు. జెల్లీ చేసుకునే చైనాగ్రాసు కాచి, స్టీలు గిన్నెలో పోసి, మధ్యలో ఒక తాటిముంజను దించి గడ్డకట్టించేవారు. ముంజలోని నీళ్ళు తెర మీద చీముగడ్డలాగే నల్లగా కనిపించేవి. సిరంజిలోకి ఆ నీళ్ళు వస్తే గురి తగిలినట్టు.

చైనాగ్రాసు కాచేది మా ఆయా. ఆవిడ లెక్కలో అది తినే వస్తువే కాబట్టి, మొదటిరోజు పంచదారా ఏలకులూ కూడా వేసింది. ప్రోబు కంటే ముందు చీమలు వచ్చేశాయి.

రెండోసారి గిన్నెల్లో పదికి పది కొట్టాను. నన్ను నేను మెచ్చుకుంటూ ఉంటే పెద్ద డాక్టరుగారు వచ్చి, “అమ్మాయ్, మెడ పట్టేసిందా? గంట నుంచీ కిందికే వంగి ఉంది” అన్నారు.

దొరికిపోయాను. చైనాగ్రాసు తేటగా ఉంటుంది. నేను తెర చూడకుండా గిన్నెలోకి తొంగి చూసి ముంజను పొడిచేశాను. మర్నాడు ఆయన చైనాగ్రాసులో కాఫీ డికాక్షన్ కలిపించారు. ఆరోజు పదింటికి తొమ్మిది తప్పాయి. తగిలిన ఆ ఒక్కటీ పొరపాటున తగిలిందే.

ఇదంతా ఒకాయన ఎదుటి వార్డులో తలుపు పక్క మంచం మీంచి చూస్తూనే ఉన్నాడు. హంసలదీవి వైపు నుంచి వచ్చిన మనిషి, సముద్రంలో చేపలు పడతాడు. లివర్‌లో చీముగడ్డ, దాంతో జ్వరం. రెండు మూడు రోజులు మందులిచ్చి, తగ్గకపోతే సూది దించాలని అనుకున్నాం. పది తగిలితే ఆ సూది నాది, అదీ ఆయన ఒప్పుకుంటేనే అన్నారు పెద్ద డాక్టరుగారు. నాకు ఆ అవకాశం కావాలి. ఆయనకు ప్రాణం కావాలి.

“డాక్టరమ్మగారూ, నన్నూ మీరే పొడుస్తారాండీ?” అని అడిగాడు.

“వరసగా పది తగిలితేనండీ.”

“అయితే నేను లెక్కపెడతానండీ.”

కాసేపు చూసి, “మీరు చేతినే చూస్తన్నారండీ. బురదనీళ్ళల్లో చేప మాకు మాత్రం కనపడుద్దా? పైన నీళ్ళ కదలిక చూసే వలేస్తాం” అన్నాడు. తెర చూడమని పెద్ద డాక్టరుగారు రెండు రోజులుగా చెబుతున్నదీ ఇదే. ఆయన చెబితే ఉడుక్కున్నాను. ఈయన చెబితే సిగ్గేసింది.

మర్నాడు ఏడు తగిలాక ఎనిమిదోది తప్పింది. “మళ్ళీ మొదట్నించండీ” అని మంచం మీంచి వినిపించింది. కాస్తయినా జాలి లేదు. ముంజలు అయిపోతే ఆయన భార్య బస్టాండు దగ్గరికెళ్ళి మరో రెండు డజన్లు తెచ్చింది.

మూడో రోజు పొద్దున పదీ తగిలాయి. జ్వరం మాత్రం తగ్గలేదు. ఆయన్ను బల్ల మీద పడుకోబెట్టి, చర్మానికి మత్తిచ్చి, సూది చేతిలోకి తీసుకున్నాను.

“నాకు ముందు ఎంతమందికి చేశారండీ?” అన్నాడు.

పెద్ద డాక్టరుగారు కిటికీ వైపు తిరిగారు. అబద్ధం చెప్పాలని నిజంగానే అనిపించింది.

“ఎవరికీ చెయ్యలేదండీ. ముంజలకే.”

ఆయన తెర వైపు తల తిప్పాడు. “అయితే నేను పదకొండో ముంజనన్నమాట. కానీండి.”

 నేను కళ్ళు తెర మీంచి తిప్పలేదు. సూది మొన తెల్లగా మెరుస్తూ నల్లటి గడ్డలోకి దిగింది, సిరంజిలోకి గోధుమరంగు చీము వచ్చింది. “ఇవాళ మెడ బాగానే ఉందే” అన్నారు పెద్ద డాక్టరుగారు. అంతకు మించిన పొగడ్త ఆయన దగ్గర ఎప్పుడూ వినలేదు.

మరుసటి వేసవిలో ఆ చేపల ఆయన బస్సు దిగి, ముంజకాయల గెల భుజాన వేసుకుని వచ్చాడు. లివర్‌కి మంచిది కాదని మేం మానమన్న కల్లు మానేశారా అని అడిగితే వినపడనట్టు గెల దించాడు.

“ఇన్ని ఎందుకండీ? నేను నేర్చేసుకున్నానుగా” అన్నాను.

“మీక్కాదండీ, మీ తర్వాత వచ్చే డాక్టర్లకి. పదీ తగిలేదాకా వదలకండి. ఆ పదకొండోది మా ఇంట్లోవాళ్ళే అవ్వొచ్చుగా.”