ఆషాఢంలో వేలిముద్రలు

రెండు వేల ఇరవై నాలుగు, ఆషాఢ మాసం. బహ్రెయిన్‌లో, సనాబిస్‌లోని ఒక వర్క్ పర్మిట్ సెంటర్‌లో నేను క్లర్కుని. కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, లేకుండా పనివాళ్ళు తమ పేరు మీదే తీసుకునే పర్మిట్లు మేం చూస్తాం. బయోమెట్రిక్ తప్పనిసరి. పది వేళ్ళూ గాజు పలక మీద పెట్టి ముద్రలిస్తేనే కార్డు. నాది జగిత్యాల కాబట్టి తెలుగువాళ్ళు ఎవరొచ్చినా నా కౌంటర్‌కే తోస్తారు. నాకూ అదే ఇష్టం, అరబ్బీలో పరాచికాలాడటం ఇంకా చేతకాలేదు.

ఒక గురువారం సత్యవతక్క వచ్చింది. అమలాపురం వైపు మనిషి. ఏళ్ళ తరబడి ఒకే ఇంట్లో పని. ఆ ఇంటి మేడం బహ్రెయిన్ వదిలి వెళ్ళిపోతోంది. ఆదివారంతో అక్క వీసా ఖలాస్. ఈలోపు సొంత పర్మిట్ రాకపోతే విమానం ఎక్కాల్సిందే.

"ఇన్నేళ్ళలో ఒక్క శుక్రవారం సెలవు కూడా నాది కాలేదండి," అంది. "పర్మిటొస్తే సీఫ్ ఏరియాలో నాలుగిళ్ళు చూసుకుంటాను. శుక్రవారం మాత్రం ఎవరికీ ఇవ్వను, ఆయ్!"

కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి. వేళ్ళు పెట్టమన్నాను. పెట్టింది. పది వేళ్ళకూ టోపీలు తొడిగినట్టు గోరింటాకు! వేలు పెట్టినప్పుడల్లా మెషీన్ కుయ్యిమని ఎర్రదీపం వెలిగించింది.

"గిదేందక్కా, గిప్పుడే పెట్టుకోవాల్నా?"

"ఆషాఢం కదండీ! మేడం పెరట్లో చెట్టుంది. మళ్ళీ దొరుకుద్దో లేదోనని దండిగా రుబ్బేను. ఎంత పండిందో చూడండి!"

"మంచిగనే పండింది. మంచి మొగుడొస్తడు గాని పర్మిట్ రాదు."

"మొగుడున్నాడండీ ఊళ్ళో. పర్మిటే లేదు."

ఇద్దరం నవ్వేశాం. కానీ సంచి సర్దుకుంటూ, ఆదివారం దాకా ఎన్ని రోజులో ఆ ఎర్రటి వేళ్ళ మీదే లెక్కపెట్టుకుంది. నాకు చాలా బాధేసింది.

మా సూపర్‌వైజర్ మర్యం ఇక్కడి ఆవిడే, పండగలకు తనూ గోరింట పెట్టుకుంటుంది. ఆ వేళ్ళు చూసి, "గోరువెచ్చని నూనెలో నానబెట్టి, ఉప్పూ నిమ్మకాయతో రుద్దమను. ఆదివారం పొద్దున్నే రమ్మను," అంది. స్టీలు పీచు మాత్రం వాడొద్దని నేను చెప్పాను. రంగుతో పాటు గీతలూ పోతే ఇక ఏ మెషీనూ ఒప్పుకోదు.

మర్నాడు అక్కే ఫోన్ చేసింది. "ఉప్పూ నిమ్మకాయా అయిపోయాయండి. రంగు పోతుందేమోనని మేడం ఇత్తడి కాఫీ కూజాలన్నీ చింతపండుతో తోమేశాను. అవి బంగారంలా ఉన్నాయి, నా చేతులే పాత గుడ్డల్లా ఉన్నాయి!"

ఆదివారం ఒక్కో వేలూ పెట్టించాను. ఎడమ చిటికెన వేలు దగ్గర మెషీన్ మొరాయించింది. వెనకాల నిలబడ్డ బెంగాలీ భాయ్ త్వరగా కానివ్వమని "యల్లా, యల్లా" అంటూ గొణుగుతున్నాడు. అక్క వేలు చున్నీకి తుడిచి, ఉఫ్ అని ఊది మళ్ళీ పెట్టింది. పచ్చదీపం! అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది ఆ భాయే.

అప్పటినుంచి కాగితాల కంటే ముందు చేతులు చూస్తాను. మనవాళ్ళెవరు ఫోన్ చేసినా, "గోరింటాకు పెట్టుకున్నరా?" అన్నదే నా మొదటి ప్రశ్న.

మరుసటి ఆషాఢంలో ఒక శుక్రవారం సత్యవతక్క గోరింటాకు గిన్నెతో మా గదికొచ్చింది. మేడం చెట్టు కొమ్మ కుండీలో బతికిందట. "శుక్రవారం నాదండి, నా ఇష్టమొచ్చినోళ్ళకిస్తాను. చేతులు పట్టండి," అంది. పట్టకుండా ఎలా ఉంటాను?

ఆదివారం డ్యూటీకి వెళ్ళి హాజరు మెషీన్ మీద వేలు పెట్టాను. కుయ్యిమంది. వెనక మర్యం ఒకటే నవ్వు. ఎంత పండిందో చూడమని రెండు చేతులూ ఆవిడ ముందు చాపాను.