స్విమ్మింగ్ పూల్లో కొర్రమీను

దాలయ్య తప్పు చేశాడు. ఒప్పుకుందాం. కానీ ఆ తప్పు చేయకుండా ఉండాలంటే అతను వేరే ఇంట్లో పుట్టి ఉండాల్సింది.

అరవై ఒక్కేళ్ళ మనిషి. అందులో నలభై అయిదేళ్ళు భోగాపురం అవతల సముద్రం మీదే గడిచాయి. ఎడమకంటి చూపు మందగించి, ఒక తెల్లవారుజామున ఎదురుగా వస్తున్న పడవని గుద్దబోయి తప్పించుకున్నాక, భార్య లక్ష్మణమ్మ అతని చెయ్యి తన నెత్తి మీద పెట్టుకుని ఇంక వేటకి వెళ్ళనని ఒట్టు వేయించుకుంది. పడవ అమ్మేశాడు. ఆ తర్వాత నాలుగు నెలలు ఇంట్లో కూర్చుని కనబడ్డవాళ్ళందరి మీదా కస్సుబుస్సుమన్నాడు. అప్పుడు దొరికింది శైలజ గారి తోటలో కాపలా పని.

ఆవిడ విజయనగరంలో కాలేజీ లెక్చరర్. తోటలో చిన్న ఇల్లు, ఇంటి వెనక స్విమ్మింగ్ పూల్. దాన్ని శుభ్రంగా ఉంచడం దాలయ్య పని. సాయంత్రం గట్టు మీద కూర్చుంటే కాళ్ళకి నీళ్ళు తగిలేవి. సముద్రం పోయాక అతనికి మిగిలిన నీళ్ళు అవే. ఈ పని పోతే ఏమవుతాడో అతనికీ తెలుసు, అంతకన్నా బాగా లక్ష్మణమ్మకి తెలుసు.

ఎండాకాలమంతా పూల్‌ని ఎంత బాగా చూసుకున్నాడంటే, అడుగున పడ్డ రూపాయి బిళ్ళ బొమ్మో బొరుసో గట్టు మీంచే చెప్పొచ్చు. ఆషాఢంలో పిడుగు పడి మోటారు కాలిపోయింది. ఫోన్ చేస్తే శైలజ గారు, "ఈ వానల్లో ఎలాగూ ఎవరం రాం దాలయ్యా, తర్వాత చూద్దాంలే" అంది. నీళ్ళు ముందు మజ్జిగ రంగుకి తిరిగాయి, తర్వాత గోరింటాకు రంగుకి. సరుగుడు ఆకులు రాలి అడుగున మెత్తగా పేరుకున్నాయి. గోడలకి వేలెడు మందాన పాచి పట్టింది. అది చూసి ఇంకొకరైతే ముక్కు మూసుకునేవారు. దాలయ్యకి మాత్రం అంత నీరు చేపన్నది లేకుండా ఊరికే పడి ఉండటం చూసి ప్రాణం ఉసూరుమంది. మర్నాడే చేపల చెరువు నుంచి రెండొందల చేపపిల్లలు తెచ్చి వదిలేశాడు. బొచ్చెలూ, రాగండీలూ. వాటిలో ఒకటి నల్లగా, పొడుగ్గా, తేడాగా ఉందని గమనించాడు కానీ, నీళ్ళలో పుట్టినవాళ్ళ మధ్య తేడాలెందుకని ఊరుకున్నాడు.

నిలవ నీటి మీది దోమలు పోయాయి. అది నిజం. కానీ చేపలూ తగ్గుతూ వచ్చాయి. కొంగలే ఎత్తుకుపోతున్నాయని తేల్చి, మూడు నెలలు కర్ర పట్టుకుని కొంగల్ని తరిమాడు దాలయ్య.

వానలు తగ్గాక ఒక సోమవారం ఫోను. "మా అత్తయ్యకి మోకాలి ఆపరేషన్ అయింది. రోజూ నీళ్ళలో నడవమన్నారు డాక్టర్లు. ఆదివారం వస్తాం, మోటారు బాగుచేయించి పూల్ రెడీ చెయ్యి."

ఫోను పెట్టేసి దాలయ్య పూల్ వైపు చూశాడు. ఒక బొచ్చె హాయిగా ఎగిరి పడింది.

బుధవారానికి త్రినాథ్ అనే మెకానిక్ మోటారు బాగుచేసి, "ఇప్పుడే క్లోరిన్ పొడి ఏసీ మావా. గోడలు రుద్దీసి రెండ్రోజులు మోటారు తిప్పితే నీలంగా వచ్చీస్తాది" అన్నాడు. చేపలున్న సంగతి దాలయ్య అతనికి చెప్పలేదు. అతను వెళ్ళగానే లక్ష్మణమ్మని పిలిచాడు. ఆ గట్టున ఆవిడ, ఈ గట్టున ఇతను, వల చెరో కొసా పట్టుకుని పూల్ పొడుగునా లాగారు. ఇరవై ఆరు చేపలు పడ్డాయి. నల్లది మాత్రం వల మీంచి ఎగిరి దూకింది. మూరెడు కొర్రమీను.

గురువారం లాగారు. శుక్రవారం లాగారు. ఆకుల అడుగున ఎక్కడ దూరేదో గానీ వలకి చిక్కలేదు.

"ఏటి మావా, ఒక్క సేపకోసం ఉజ్జోగం పోగొట్టుకుంతావా? ఆ క్లోరిన్ మందేసీ, అదే సచ్చి తేల్తాది" అంది లక్ష్మణమ్మ.

"పట్టి తినడం ఏరు, మందేసి సంపడం ఏరు. నలభై అయిదేళ్ళు ఏటకెల్లినోడ్ని, ఆ పని నాను సెయ్యను."

ఆవిడ మళ్ళీ వల కొస అందుకుంది. ఎవరి పట్టుదల ఎంతటిదో ఆ ఇంట్లో ఇద్దరికీ తెలుసు.

శనివారం మధ్యాహ్నం, ఒక రోజు ముందే, కారు వచ్చి ఆగింది. దాలయ్య అప్పుడు పచ్చటి నీళ్ళలో గుండెల్లోతున నిలబడి, కొర్రమీను కోసం కాళ్ళతో ఆకులు కెలుకుతూ, తలకి చుట్టిన తువ్వాలుతో సహా పాచి పూసుకుని ఉన్నాడు. శైలజ గారి మొహం ఎర్రబడింది. అతను దాచలేదు. చేపలు వేసిన దగ్గర్నుంచి అంతా చెప్పేశాడు.

"ఇది పూల్ అనుకున్నావా, చెరువనుకున్నావా? సోమవారం క్లీనింగ్ కంపెనీ వాళ్ళని పిలుస్తాను. ఇంక నువ్వు ఇంటికెళ్ళొచ్చు" అంది ఆవిడ.

దాలయ్యకి నీళ్ళలోంచి పైకి రావాలనిపించలేదు.

అప్పుడు కారు దగ్గర్నుంచి చేతికర్ర చప్పుడయింది. శైలజ అత్తగారు తాయారమ్మ. డెబ్భై రెండేళ్ళు, బొబ్బిలి పక్క వరి పండించే ఇంటి మనిషి. "కుర్చీ ఎయ్యే శైలజా" అని గట్టు మీద కూర్చుని, విషయం మళ్ళీ మొదట్నుంచీ చెప్పించుకుంది.

"రెండొందల పిల్లల్లో ఇరవై ఆరే మిగిలినాయా?"

"కొంగలు తినీసినాయమ్మా."

"కొంగలా! ఓరి అమాయకుడా, కొర్రమీను తినీసింది. మూడు నెల్లూ దానికి రోజూ ఇందుబోజనం పెట్టినావు." తాయారమ్మకి నవ్వు ఆగలేదు. లక్ష్మణమ్మ కొంగు అడ్డం పెట్టుకుంది. కొంగల్ని తరిమిన కర్ర గోడకి ఆనించి ఉంది, దాలయ్య దానివైపు చూడలేకపోయాడు.

"సముద్రపోడివి, నీకు పొలంలో సేప సంగతి ఏటి తెలుస్తాది. అది వలకి రాదు. దానికి సీకటి కావాల. మట్టికుండ పక్కకి వాల్చి మూలన ముంచు, తెల్లారేసరికి అదే దూరతాది. ఈ గందరగోళం ఆపి నువ్వు పైకి రా. మా పొలం కాలవలో నా సిన్నప్పుడు అలాగే పట్టీవోళ్ళం." తర్వాత కోడలి వైపు తిరిగింది. "కంపెనీవోళ్ళకి రేపు సెప్దువుగాని. ఈ పొద్దుటికి ఆగు."

ఆదివారం పొద్దున్న దాలయ్య మెల్లగా దిగి, కుండ మూతికి అరచెయ్యి అడ్డం పెట్టి పైకెత్తాడు. కుండ బరువుగా ఉంది. లోపల ఏదో టపటపా కొట్టింది. అతను పెట్టిన కేకకి తోటలో కాకులన్నీ లేచాయి.

"పులుసు పెట్టించు. ఒంటికి కోత పడినోళ్ళకి, పుండు మానాలంటే, కొర్రమీనే పెట్టాల" అని తీర్పు ఇచ్చింది తాయారమ్మ. పులుసు లక్ష్మణమ్మ పెట్టింది. శైలజ గారు రెండోసారి వడ్డించుకుంది. కంపెనీ మాట ఎత్తలేదు గానీ, ఉండమనీ అనలేదు.

దాలయ్య ఆ రోజే పనిలో దిగాడు. జల్లెడ గరిటెతో ఆకులు తోడాడు. పడవ అడుగు గీకిన చేతులతో గోడలు పైనుంచి కిందికి రుద్దాడు. క్లోరిన్ చల్లాడు. మోటారు తిరుగుతూనే ఉంది. అడుగున దిగిన మడ్డిని గొట్టంతో లాగేశాడు. సోమవారానికి పచ్చదనం పోయి తెల్లటి మబ్బు మిగిలింది. బుధవారానికి మబ్బూ విడిపోయింది. శైలజ గారు గట్టున నిలబడి, ఏమనుకుందో గానీ, ఒక రూపాయి బిళ్ళ నీళ్ళలో వేసింది.

"బొరుసమ్మా" అన్నాడు దాలయ్య, ఒంటికంటితోనే.

గురువారం త్రినాథ్ వచ్చి నీళ్ళు పరీక్షించి, ఇక దిగొచ్చన్నాడు. తాయారమ్మ మెట్ల దాకా వచ్చి ఆగిపోయింది. మోకాలి లోతు కాలవ తప్ప ఇంత నీరు ఆవిడ ఎప్పుడూ దిగలేదు. కోడలు చెయ్యి పట్టుకుంటానంది. శైలజ గారికీ ఈత రాదు.

"నువ్వొద్దే. దాలయ్యా, నువ్వు దిగు. రోజూ నువ్వే నడిపించాల నన్ను, ఇన్నావా?" అంది తాయారమ్మ.

దాలయ్య శైలజ గారి వైపు చూశాడు. ఆవిడ నవ్వి తల ఊపింది. అతను తువ్వాలు గట్టున పడేసి, మూడు మెట్లు దిగి, రెండు చేతులూ చాచాడు. చల్లటి నీళ్ళు నడుము దాకా రాగానే తాయారమ్మ అతని చేతులు గట్టిగా పట్టుకుంది.

"అడుగున ఇంకేటీ నేదు కదా?"

"ఏటీ నేదమ్మా. నానున్నాను, రండి."